అమ్మకి చదివి వినిపించిన కథలు

(గ్రంథాలయ వారోత్సవాల్లో మా ఊరి శాఖా గ్రంథాలయంలో మాట్లాడింది. ఫోన్ రికార్డింగ్ విని రాసుకున్నాను. దగ్గులు, మైకు గొడవలు తీసేశాను, మిగతాది దాదాపు ఉన్నదున్నట్టే.)

అందరికీ నమస్కారమండి. వెనక వరసకి వినిపిస్తోందా? వినిపించకపోతే చెయ్యెత్తండి, కాస్త గొంతు పెంచుతాను. గట్టిగా చదవడం నాకు బాగా అలవాటే, ఎందుకో ఇప్పుడే చెప్తాను.

"మీకు ఇష్టమైన కథకుల గురించి ఓ అరగంట మాట్లాడండి" అన్నారు లైబ్రేరియన్ గారు. నేను సాహిత్యం చదువుకున్నవాణ్ణి కాదు. 32 ఏళ్ళు బ్యాంకు కౌంటర్లో నోట్లు లెక్కపెట్టి రిటైరైనవాణ్ణి. కథలంటారా, చదివేవాణ్ణి, అదీ బస్సులో, లంచ్ టైములో, ట్రాన్స్‌ఫరైన ఊళ్ళో ఇంకా ఫ్యామిలీ రాకముందు ఒక్కణ్ణే ఉన్న గదిలో. అలా చదివి పాతికమంది కథకులు నాకు బాగా తెలుసు అనుకుంటూ ఉండేవాణ్ణి. ఆరేళ్ళ కిందట మా అమ్మకి గ్లకోమా వల్ల చూపు బాగా తగ్గిపోయింది. పేపర్లో హెడ్డింగులు కూడా కనపడటం మానేశాయి. సీరియల్ పెడితే రెండ్రోజులు విని, "వీళ్ళేవిట్రా, ఒక మాట అనేసి మూడుసార్లు ఉరుముతారు, కట్టెయ్" అంది. అప్పట్నుంచి రాత్రి భోజనాలయ్యాక ఒక కథ. రోజూ అనుకునేరు, లేదండి, కరెంటు పోయిన రోజులూ చుట్టాలొచ్చిన రోజులూ నా గొంతు పట్టేసిన రోజులూ తీసేస్తే వారానికి మూడో నాలుగో.

అప్పుడు తెలిసొచ్చింది నాకు. కళ్ళతో చదివినప్పుడు బ్రహ్మాండం అనుకున్న కొందరు నోటికి రారు. రెండు పేజీలయ్యేసరికి నాకే విసుగు, అమ్మకి ఆవలింతలు. కొందరేమో నేను ఎప్పుడో చదివి పక్కన పెట్టేసినవాళ్ళు, పైకి చదివితే గదిలోకి మనుషుల్ని తీసుకొచ్చి కూర్చోబెట్టేస్తారు. ఇవాళ నేను చెప్పేది ఆ రెండో రకం వాళ్ళ గురించి. పేర్లు కొన్ని మీకందరికీ తెలిసినవే, కొత్తగా ఏదో కనిపెట్టానని కాదు.

గురజాడతో మొదలుపెట్టాం, మర్యాదగా ఉంటుందని. 1910లో వచ్చిన 'దిద్దుబాటు'. అంతకుముందే 1902లో భండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి' రాసింది, మొదటి కథ అదే అనేవాళ్ళున్నారు, ఆ పంచాయితీ ఇవాళ వద్దు. దిద్దుబాటు ఎలా మొదలవుతుంది? "తలుపు! తలుపు!" అని కేకతో. అర్ధరాత్రి ఒంటిగంటకి సానిపాట విని ఇంటికొచ్చిన భర్త, పెళ్ళాన్ని తలుపు తియ్యమంటున్నాడు. నేను కాస్త హుషారుగా చదివానేమో, ఎదురు ఫ్లాట్‌ ఆయన నిజంగానే తలుపు తీసుకుని బయటికొచ్చి "ఏమైందండీ?" అన్నారు. ఏం చెప్తాం, గురజాడ పిలిచాడని చెప్తామా.

కానీ ఆ రాత్రి ఒక సంగతి పట్టుకుంది అమ్మ. కథంతా గోపాలరావు మాట్లాడుతూనే ఉంటాడు, నౌకర్ని తిడతాడు, ఉత్తరం చదువుకుని బెంబేలెత్తిపోతాడు, లెంపలేసుకుంటాడు. కమలిని ఎక్కడుంది? మంచం కింద. నూరేళ్ళు దాటిన కథ కాబట్టి చివర ముందే చెప్పేశానని కోప్పడకండి. అంటే ఆవిడ మనకంటే ముందు నుంచే వింటోంది! "మనలాగే కూచుని వింటోంది కదరా ఆ పిల్ల కూడా" అంది అమ్మ. నేను ఆ కథ కాలేజీలో చదివాను, పరీక్షలో సంఘసంస్కరణ మీద నాలుగు పేజీలు రాశాను, ఈ ముక్క మాత్రం నాకు తట్టలేదు.

తర్వాత శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఏమనుకోకండి. మా అమ్మది కోనసీమ. శాస్త్రిగారిది గోదావరి తెలుగు. మొదటి పేజీ పూర్తికాకుండానే నన్ను ఆపి, "ఈయన ఆడవాళ్ళు మాట్లాడుకుంటుంటే ఎక్కడ నక్కి విన్నాడ్రా?" అంది. ఇంతకంటే మంచి విమర్శ నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. 'అరికాళ్ళకింద మంటలు' తీసుకోండి. పుట్టింట్లో పడున్న ఒక వితంతువు, ఇంట్లో ప్రతివాళ్ళకీ చాకిరీ చెయ్యాలి, ఆ గదిలోంచి ఒకరు పిలుస్తారు, ఈ పెరట్లోంచి ఒకరు పిలుస్తారు, ఒక పని ముగిసేలోపు ఇంకో పని, ఆలస్యమైతే దెప్పులు. రచయిత ఎక్కడా "పాపం ఆమె ఎంత కష్టపడుతోందో చూడండి" అనడు. కష్టమంతా ఆ పిలుపుల్లోనే ఉంటుంది. నేను చదువుతుంటే నా గొంతులోనే ఒకటి విసుగు, ఒకటి అధికారం, ఒకటి వెటకారం, వాటంతటవే మారిపోతున్నాయి. నటన నాకు రాదు, వాక్యమే మార్పిస్తోంది. అమ్మ ఏడవలేదు. "మా మేనత్తని ఇలాగే పిలిచేవారు" అని మాత్రం అని, మంచినీళ్ళు అడిగింది.

'వడ్లగింజలు' చాలా పెద్ద కథ, మాకు వారం పట్టింది. పెద్దాపురం సంస్థానం, చదరంగం ఆట, పందెం. గెలిచినవాడు అడిగేదేవిటంటే, బల్ల మీద మొదటి గడికి ఒక్క వడ్లగింజ, రెండో గడికి రెండు, మూడో గడికి నాలుగు, అలా 64 గళ్ళకీ. ఇంతేనా అనిపిస్తుంది వినగానే. "ఎన్నవుతాయిరా?" అంది అమ్మ. కేషియర్ని కదండీ, పౌరుషం వచ్చింది. పుస్తకం బోర్లించి కాగితం తీశాను. 11వ గడికి 1,024. అబ్బే, ఓ పిడికెడు. 21వ గడికి 10,48,576. 31వ గడి దగ్గరకొచ్చేసరికి 107 కోట్లు దాటింది, ఇంకా సగం కూడా కాలేదు. అన్ని గళ్ళూ కూడితే 20 అంకెల సంఖ్య. "నాకు కోట్లు తెలీవు, పుట్లలో చెప్పు" అంది. అక్కడ నేను పెన్ను కింద పెట్టేశాను.

ఈ లెక్క శాస్త్రిగారు కనిపెట్టింది కాదు, లోకంలో ఎప్పట్నుంచో ఉన్న పాత లెక్కే. ఆయన గొప్పతనమల్లా దాన్ని ఒక ప్రభువు ఎదుట, ఒక మామూలు ఆటగాడి నోట అనిపించడంలో ఉంది. అందుకే లెక్క తెలిసినవాడికి కూడా ఆ వారం రోజులూ టెన్షన్ తగ్గలేదు. ఇంకో మాట, ఆయన వాక్యంలో ఇంగ్లీషు కోసం మీరు భూతద్దం పెట్టి వెతుక్కోవాలి. నేనిక్కడ మాట్లాడుతున్న ఈ పది నిమిషాల్లో ఎన్ని ఇంగ్లీషు ముక్కలు వాడానో రికార్డింగ్ విన్నప్పుడు లెక్కపెట్టుకోవాలి. అలాగని ఆయన తెలుగు పండితుల తెలుగూ కాదు, పొయ్యి దగ్గర కూచుని మాట్లాడుకునే తెలుగు.

గోదావరి ప్రస్తావన వచ్చింది కాబట్టి పాలగుమ్మి పద్మరాజు. ఆయన పేరు చెప్పగానే అందరూ 'గాలివాన' అంటారు, 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ వాళ్ళ అంతర్జాతీయ పోటీలో రెండో బహుమతి వచ్చింది కాబట్టి. మంచి కథే, కాదనను. కానీ మా ఇంట్లో ఓటు 'పడవ ప్రయాణం'కి. రాత్రిపూట కాలవలో నెమ్మదిగా పోయే పడవ, అందులో ఒక రంగి, ఒక పద్దాలు. పద్దాలు దొంగ, తాగుబోతు, ఈవిణ్ణి ఏడిపించుకు తిన్నవాడు, అయినా ఈవిడ వాణ్ణి వదలదు. ఎందుకు వదలదో కథ చెప్పదు. రంగి చెప్తుంది, కానీ ఆవిడ చెప్పింది మనకి సరిపోదు, ఆవిడకి సరిపోతుంది. అమ్మ చిన్నప్పుడు ఆ పడవలెక్కింది. కథ సగంలో నన్ను ఆపేసి, పడవలో ఎవరు ఎక్కడ పడుకునేవారో, గట్టు మీద తాడుకట్టి లాగేవాళ్ళు ఎలా నడిచేవారో గంటసేపు చెప్పింది. ఆ రాత్రి కథ పూర్తికాలేదు. పూర్తికాకపోయినా ఏం నష్టం లేదు అనిపించింది.

రావిశాస్త్రిని, అంటే రాచకొండ విశ్వనాథశాస్త్రిని, చదవడానికి ఊపిరి కావాలి. నిజంగా అంటున్నాను, ఊపిరితిత్తులు కావాలి. వాక్యం మొదలుపెడతాడు, ఒక పోలిక, ఆ పోలిక మీద ఇంకో పోలిక, దాని తోక పట్టుకుని మూడోది, మధ్యలో విశాఖపట్నం మాట ఒకటి ఛళ్ళున తగుల్తుంది. ఆయన వృత్తిరీత్యా లాయరు. కోర్టు ప్లీడరు గుమాస్తా ఎలా మాట్లాడతాడో, పోలీసు ఎలా మాట్లాడతాడో, సారా కేసులో పట్టుబడ్డ ఆడమనిషి ఎలా మాట్లాడుతుందో ఆయనకి రోజూ చెవిన పడేదే. 'ఆరు సారా కథలు'లో 'మాయ' చదవండి. కొత్త లాయరు మూర్తి, ముద్దాయి ముత్యాలమ్మ. చట్టం గురించి చదువుకున్నవాడు ఆయన, చట్టం ఎలా నడుస్తుందో తెలిసింది ఆవిడకి. ఆవిడ నోరు విప్పాక లాయరు గారి చదువంతా బోనెక్కుతుంది. నాకు మనసులో ఉన్నది చెప్తాను, ఒక్కోచోట రావిశాస్త్రికి పోలికలు ఎక్కువైపోయాయనిపిస్తుంది, ఒకటి తీసేస్తే బాగుండేదే అనుకుంటాను. అమ్మ ఒప్పుకోదు. "ఆయన పెట్టాడు, నువ్వు తిను" అంటుంది. రాసేవాడు తన రాత ఏ మంచికి హాని చేస్తుందో, ఏ చెడ్డకి ఉపకారం చేస్తుందో చూసుకోవాలని ఆయన అన్నమాట చాలా సభల్లో వినే ఉంటారు. అదే రావిశాస్త్రి మనల్ని ఎంత నవ్విస్తాడో మాత్రం ఎవరూ చెప్పరు. సభల్లో ఆయన్ని మరీ గంభీరం చేసేస్తారు.

దానికి పూర్తి విరుగుడు చాసో, విజయనగరం చాగంటి సోమయాజులు. ఆయన కథలు చాలావరకు నాలుగైదు పేజీలు. చదవడం మొదలుపెట్టిన పావుగంటకి "అయిపోయిందా?" అనేది అమ్మ, కాస్త మోసపోయినట్టుగా. అప్పటికి ఏమీ అనదు. మర్నాడు పొద్దున్న కాఫీ దగ్గర మొదలవుతుంది. 'ఎందుకు పారేస్తాను నాన్నా' చదివిన మర్నాడు గ్లాసు పట్టుకుని, "చుట్టలకి డబ్బులున్నాయి గానీ కుర్రాడి ఫీజుకి లేవూ?" అంది. సంగతేంటంటే, ఫీజు కట్టలేక బడి మానిపించిన పిల్లాణ్ణి తండ్రి చుట్టలు తెమ్మని పంపిస్తాడు, దారిలో బడి ఉంటుంది. అంతే. చాసో ఆ తండ్రిని విలన్ చెయ్యడు. తిట్టే పని మనకి వదిలేస్తాడు, తిడదామని నోరు తెరిస్తే ఆ తండ్రి పరిస్థితి గుర్తొచ్చి నోరు మూసుకోవాల్సి వస్తుంది. అమ్మ కూడా మధ్యాహ్నానికి, "వాడు మాత్రం ఏం చేస్తాడ్లే" అంది. 'వాయులీనం' కూడా అలాంటిదే, జబ్బుపడ్డ భార్య కోసం ఇంట్లో ఫిడేలు అమ్ముకోవడం. నేను చెప్పేస్తే ఒక్క ముక్కలో అయిపోయింది చూశారా? అందుకే చాసో కథలు చెప్పకూడదు, చదవాలి.

కారా మాస్టారి దగ్గరికి వద్దాం. కాళీపట్నం రామారావు గారు. నేను శ్రీకాకుళంలో రెండేళ్ళు పనిచేశాను, అక్కడ విశాఖ ఎ కాలనీలో కథానిలయం ఉంది, 1997లో మొదలుపెట్టారు, అచ్చయిన ప్రతి తెలుగు కథా ఒకచోట దొరకాలని. మామూలు మేడ ఇల్లులా ఉంటుంది బయటికి. లోపల పాత పత్రికల బైండ్లు, ఆ పాత కాగితం వాసన. ఆదివారాలు రెండు మూడుసార్లు వెళ్ళాను, ఏదో ఒకటి చూసి వచ్చేద్దామని వెళ్ళి ఆకలేసేదాకా కూచుండిపోయేవాణ్ణి. ఇప్పుడు చాలా పత్రికలు వాళ్ళ వెబ్‌సైట్‌లోనే పెట్టేశారు, మీ మనవల చేత తెరిపించుకోండి. నాకు ఆశ్చర్యం ఏంటంటే, అంత పేరొచ్చిన రచయిత తను రాయడం దాదాపు ఆపేసి, తన అవార్డు డబ్బులు కూడా అందులోనే పెట్టి, మిగతావాళ్ళు రాసినవి పోగెయ్యడానికి కూచున్నాడు. అలాంటివాళ్ళు ఇంకెవరైనా ఉంటే చెప్పండి.

ఆయన విశాఖపట్నంలో లెక్కల మాస్టారు. 'యజ్ఞం' చదివితే తెలుస్తుంది. ఊరు బాగుపడుతోంది, రోడ్డొచ్చింది, బడొచ్చింది, మంచి పెద్దమనుషులున్నారు, న్యాయంగానే పంచాయతీ జరుగుతోంది, మరి అప్పల్రాముడు ఎందుకు మునిగిపోయాడు? ఎక్కడా తప్పు కనపడదు. లెక్క వరసలన్నీ సరిగ్గానే ఉంటాయి, జవాబు మాత్రం ఘోరం. చివర ఏం జరుగుతుందో ఇది మాత్రం చెప్పను. పైకి చదవడం కష్టమేనండి ఈ కథ, ఎక్కడా తొందరపడడు, మధ్యలో ఊరి చరిత్ర, చేపల వ్యాపారమనీ పంటలనీ వివరాలు, నాకు భయమేసింది అమ్మ నిద్రపోతుందేమోనని. నిద్రపోలేదు. "వెనక్కి వెళ్ళు, ఆ బాకీ సంగతి మళ్ళీ చదువు" అంది. అప్పు చూసిన మనిషికి అప్పు కథలో బోరు ఉండదు కాబోలు. నేను 32 ఏళ్ళు కౌంటర్ ఇవతల కూచున్నాను, లోను కట్టలేనివాళ్ళు వచ్చి ఇలాగే నెమ్మదిగా, మొదట్నుంచి, అక్కర్లేని వివరాలన్నీ చెప్పేవాళ్ళు. నేను "అసలు విషయానికి రండి" అనేవాణ్ణి. అదే అసలు విషయం అని కారా మాస్టారు చెప్పాక గానీ నాకు అర్థం కాలేదు.

టైము ఎంతైంది? ఇంకో పది నిమిషాలు, అంతే.

నామిని సుబ్రహ్మణ్యం నాయుడు గారి 'పచ్చనాకు సాక్షిగా' మొదలుపెడితే మొదటి రెండ్రోజులూ కోనసీమకీ చిత్తూరుకీ కుదరలేదు. "ఏ ఊరి భాషరా ఇది?" అని. నాకూ కష్టంగానే ఉంది, నాలిక తిరగదు, ఎక్కడ సాగదియ్యాలో తెలీదు. మూడో రోజు నుంచి అమ్మే నన్ను దిద్దడం మొదలెట్టింది. "అలా కాదు, వాళ్ళమ్మ అలా అనదు, కోపంగా అంటుంది" అని. చిత్తూరు ఎప్పుడూ వెళ్ళని మనిషి! ఆ తల్లి మాటల్లో ప్రేమ తిట్టు రూపంలో ఎలా వస్తుందో పట్టేసింది. మాండలికంలో రాస్తే అందరికీ అర్థం కాదు అంటారు చూశారా, వాళ్ళందరికీ మా అమ్మని చూపించాలనిపిస్తుంది. తర్వాత ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కథలు' నెల్లూరు మాటలకి అసలు ఇబ్బందే పడలేదు, హాయిగా నవ్వుకుంది.

పి. సత్యవతి గారి 'ఇల్లలకగానే' గురించి చెప్పాలి. ఒక ఇల్లాలు ఇల్లు అలుక్కుంటూ, ముగ్గులేసుకుంటూ, తుడుచుకుంటూ ఉండి ఉండి తన పేరు మర్చిపోతుంది. ఎవరినడిగినా అమ్మగారనో, అమ్మా అనో, ఏమోయ్ అనో తప్ప పేరు చెప్పరు. చాలా చిన్న కథ. చదవడం అయ్యాక అమ్మ ఏమైనా అంటుందని చూశాను. మా ఇంట్లో నేను అమ్మా అంటాను, మా ఆవిడ అత్తయ్యగారూ అంటుంది, పిల్లలు బామ్మ, అపార్టుమెంటు మొత్తానికి మామ్మగారు. పేరుపెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. కాసేపు ఊరుకుని, "నాది ఆధార్ కార్డులో ఉందిలే, వెతుక్కోనక్కర్లేదు" అని అటు తిరిగి పడుకుంది. నేను లైటార్పేసి చాలాసేపు కూచున్నాను.

నా పద్ధతిలో ఒక లోపం ఉంది, దాచను. కొడవటిగంటి కుటుంబరావు గారు మా ఇంట్లో ఫెయిలయ్యారు. ఆ మాట అనడానికి నాకే భయంగా ఉంది. ఆయన వాక్యం నీళ్ళలా ఉంటుంది, రంగు లేదు, రుచి లేదు అనిపిస్తుంది పైకి చదివితే, అమ్మ రెండుసార్లు కునికిపాట్లు పడింది. కానీ ఒక్కణ్ణే కూచుని చదివినప్పుడు, మధ్యతరగతి మనిషి తనని తాను ఎలా సమర్థించుకుంటాడో ఆయనలా చూపించినవాడు లేడు, పెళ్ళి సంబంధాల దగ్గర, ఉద్యోగాల దగ్గర, అచ్చం నేనే. బహుశా అది పైకి చదివేది కాదు, తలుపేసుకుని చదవాల్సిందేమో. త్రిపుర అనే కథకుడు కూడా అంతే. 'భగవంతం కోసం' చదువుతుంటే సగంలో, "ఇది నువ్వు నీకోసం చదువుకో నాయనా, నాకు మామూలుది పెట్టు" అంది. నాకోసమే చదువుకున్నాను. ఇప్పటికీ చదువుకుంటూనే ఉన్నాను. ఆయన రాసినవే కాసిని కథలు, ఒక్కటీ వృథా కాదు. కాబట్టి మా అమ్మ చెవి ఒక్కటే కొలబద్ద అని నేననడం లేదు.

(ఎవరో అడిగారు: "కొత్తవాళ్ళెవరూ లేరా సార్ మీ లిస్టులో?")

ఉన్నారండి, నేనే వెనకబడ్డాను. ఒక దారి చెప్తాను. కథాసాహితి వాళ్ళు, వాసిరెడ్డి నవీన్, పాపినేని శివశంకర్ గార్ల సంపాదకత్వంలో, 1990 నుంచి ఏటా ఆ సంవత్సరపు మంచి కథలు ఏరి 'కథ' పేరుతో పుస్తకం వేస్తూ వచ్చారు. ఏదో ఒక సంవత్సరంది తీసుకుని, పేరు చూడకుండా మధ్యలో తెరిచి, ఒక పేజీ పైకి చదవండి. ఇంట్లో ఎవరైనా చేస్తున్న పని ఆపి మీ వైపు తిరిగారనుకోండి, ఆ రచయిత పేరు అప్పుడు చూసుకోండి. నెల్లూరి కేశవస్వామి నాకు ఇంచుమించు అలాగే దొరికారు, ఆయన కొత్తాయన కాదనుకోండి, నాకు కొత్త. హైదరాబాదు ముస్లిం కుటుంబాల్లోపలి జీవితం, 'చార్మినార్' కథలు. అమీర్‌పేటలో ఆరేళ్ళు ఉద్యోగం చేశాను, పాతబస్తీ అంటే బిర్యానీ, గాజులు తప్ప నాకేం తెలీదని అప్పుడు అర్థమైంది.

ఇక ఆపేస్తానండి. తొమ్మిదిలోపు ఇంట్లో ఉండాలి. ఇప్పుడు రావిశాస్త్రి రెండో చుట్టు నడుస్తోంది, నిన్న ఒక వాక్యం మధ్యలో దగ్గొచ్చి ఆపేశాను, ఆ వాక్యం ఇంకా అక్కడే ఉంది. లైబ్రేరియన్ గారూ, ఆ పుస్తకం గడువు మొన్న సోమవారంతోనే అయిపోయింది, నాకు తెలుసు. ఫైన్ రాసుకుని ఇంకో పదిహేను రోజులు ఇవ్వండి.